వసంతంలో పిట్టల ఫొటోలు: బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్లకు చిట్కాలు

ఫాల్గుణం వచ్చేసరికి మన పెరళ్లలో గొంతులు మారతాయి. చలికాలమంతా పొదల్లో అణిగిమణిగి తిరిగిన నలుపు తెలుపుల పెద్ద నలంచి, తెల్లవారకముందే డిష్ యాంటెన్నా కొసనెక్కి పాట అందుకుంటుంది. రావిచెట్టులో కంసాలి పిట్ట టుక్ టుక్‌మని మొదలుపెడుతుంది. ఉగాది నాటికి కోయిల సరేసరి. ఈ రెండు మూడు నెలలు ఇంటి దగ్గరే చక్కటి ఫొటోలు తీయొచ్చు. అడవులు పట్టి పోనక్కర్లేదు. కెమెరా ఖరీదు కన్నా వెలుతురు ఎటు పడుతోందో, ఏ చెట్టు పూసిందో తెలిసి ఉండటం ముఖ్యం.

1. ముందు చెట్లను చూడండి. మునగ పూసినా, మందారం విరిసినా, అరటి గెల వేసి పువ్వు వేలాడినా తేనెపిట్టలు వస్తాయి. రావి, మర్రి, మేడి పండితే కంసాలి పిట్టలు, కోయిలలు, గోరింకలు, పిగిలిపిట్టలు చేరతాయి. వేప పూతకు ముసిరిన పురుగుల కోసం పసిరిక పిట్టలు పక్కనున్న కరెంటు తీగ మీద కాపు కాస్తాయి. పిట్ట వెనక తిరిగితే అది ఇంకో చెట్టుకు పోతుంది. పూసిన కొమ్మకు నాలుగైదు గజాల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చోండి, అదే మళ్లీ మళ్లీ అక్కడికి వస్తుంది.

2. డాబా ఎక్కండి. నేల మీద నిలబడి పైకి తీస్తే పిట్ట పొట్ట, దాని వెనక తెల్లటి ఆకాశం తప్ప ఏమీ రావు. మునగ కొమ్మలు సాధారణంగా పిట్టగోడ ఎత్తుకే ఉంటాయి. అక్కడ నిలబడితే పిట్ట కన్ను, మీ కన్ను ఒకే మట్టానికి వస్తాయి. వెనక కొబ్బరి తోపో, పక్కింటి మామిడి చెట్టో కాస్త దూరంగా ఉండేలా చూసుకోండి. ఆ పచ్చదనం మసకబారి, పిట్ట ఒక్కటే తేలి కనిపిస్తుంది. కన్ను మీద ఫోకస్ కుదరకపోతే మిగతా ఒళ్లంతా ఎంత బాగా వచ్చినా ఆ ఫొటో ఉంచుకోనక్కర్లేదు.

3. ఎండ మీ వీపు మీద పడాలి. ఈ చిట్కాలన్నిటిలో నేను ఎక్కువ నమ్మేది ఇదే. ఊదా తేనెపిట్ట మగది నీడలో చూస్తే బొగ్గులా ఉంటుంది. చాలామంది దాన్ని నల్లపిట్ట అనుకుని వదిలేస్తారు. ఆ ఊదా, నీలం ఈకలకు పూసిన రంగులు కావు, ఈక పొరల మీద పడిన వెలుతురు విరిగి మన వైపు తిరిగివచ్చే మెరుపు. అందుకే సూర్యుడు మీ వెనక ఉండి, పిట్ట కొద్దిగా తల తిప్పినప్పుడే రంగు భగ్గుమంటుంది. తల తిప్పే ఆ క్షణం కోసం వరసగా ఫొటోలు తీస్తూ ఉండండి. ఈ మగపిట్ట ఏడాదంతా ఇలా ఉండదు. జత కట్టే కాలం దాటాక ఆ మెరుపు వదిలేసి, ఆడపిట్టలా పసుపు పొట్టతో, గొంతు నుంచి కిందికి ఒక్క నల్లగీతతో మిగులుతుంది. కాబట్టి దీనికి చైత్ర, వైశాఖాలే అదను. పసుపు పొట్ట, ముదురెరుపు వీపు ఉన్న ఇంకో తేనెపిట్ట మాత్రం ఏడాది పొడుగునా అదే రంగులో దొరుకుతుంది.

4. తొమ్మిదింటికల్లా ఆపేయండి. మార్చి నెలాఖరుకు మనకు ఆరు గంటలకు అటూ ఇటుగా సూర్యుడు వస్తాడు. అక్కడి నుంచి రెండు గంటలు బంగారం. ఆ తరవాత సముద్రపు తేమకు ఆకాశం తెల్లబారుతుంది, చేపల చెరువుల మీదా బీడు చేల మీదా వేడిగాలి లేచి దూరపు బొమ్మలు వణుకుతాయి. ఎంత మంచి లెన్సు అయినా ఆ వణుకును ఆపలేదు. మళ్లీ సాయంత్రం నాలుగున్నర తరవాతే.

5. మూకుడులో నీళ్లు పెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు చాలు. మధ్యలో ఒక రాయి ఉంచితే చిన్న పిట్టలకు కాలూనుకోవడానికి వీలుగా ఉంటుంది. నీడలో, పిల్లులు పొంచి ఉండే వీల్లేని చోట పెట్టాలి. పక్కనే ఎండిన వేప కొమ్మ ఒకటి పాతండి. పిట్ట ముందు కొమ్మ మీద వాలి నాలుగు వైపులా చూసి, అప్పుడు నీళ్లలో దిగుతుంది. మీ ఫొటో ఆ కొమ్మ మీదే. నీళ్లు రోజూ మార్చకపోతే దోమలు చేరతాయి. వరండాలో వరి కంకుల కుచ్చు కట్టే అలవాటున్న ఇళ్లలో పిచ్చుకలు ఎలాగూ వస్తాయి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక ఊళ్లో నీటిచుక్క దొరకడం కష్టం. ఫొటోలు చాలినన్ని వచ్చాయని మూకుడు ఎత్తెయ్యకండి, రోహిణి కార్తె వెళ్లేదాకా ఉంచండి.

6. కెమెరా ఉన్నవారికి. కొమ్మ మీద కూర్చున్న చిన్న పిట్టకు షట్టర్ సెకనులో వెయ్యో వంతు, పువ్వు ముందు రెక్కలాడించే తేనెపిట్టకు రెండు వేలో వంతు పెట్టండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓను ఆటోకు వదిలేయండి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి, తెల్లకొంగకైతే ఒక మెట్టు తగ్గించాలి. 1869లో బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు సినిమాల్లోకి రాకముందు మద్రాసులో ఫొటో స్టూడియో నడిపారు. ఆనాటి కెమెరా ముందు మనిషి కదలకుండా కూర్చోవాలి. రెక్కను గాలిలో ఆపగలిగే పరికరం ఇవాళ మామూలు ఇళ్లకు వచ్చింది. దాన్ని పెళ్లిళ్లకే పరిమితం చేయకండి.

7. ఫోను మాత్రమే ఉంటే మూకుడుకు దగ్గరలో, కిటికీ లోపల స్టాండు మీద పెట్టి వీడియో నడిపించి దూరంగా వెళ్లిపోండి. మనిషి లేని కిటికీకి పిట్ట భయపడదు. జూమ్ లాగితే రంగులు చెదురుతాయి. బైనాక్యులర్ కంటికద్దానికి ఫోను ఆనించి తీసినా పర్వాలేదనిపించే ఫొటో వస్తుంది.

8. పెద్ద లెన్సుకు ఆనిక కావాలి. పాత ప్యాంటు కాలు మూరెడు కోసి, ఒక వైపు కుట్టి, పిల్లిపెసర గింజలు నింపి, రెండో వైపూ కుట్టేయండి. పిట్టగోడ మీదా, కారు కిటికీ అద్దం మీదా కుదురుగా కూర్చుంటుంది. వానలు పడేలోపు గింజలు తీసేయాలి, లేకపోతే పురుగు పడుతుంది.

9. చెవితో వెతకండి. కంసాలి పిట్ట పిచ్చుకంత ఉంటుంది. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి నుదురు, పసుపు గొంతు. కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఆకులు రాలిన పైకొమ్మల్లో చూడండి. అది కూసేటప్పుడు ముక్కు తెరవదు, గొంతు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కనిపించేలా తీయాలి. పెద్ద నలంచి ఇందుకు భిన్నం, నోరంతా తెరిచి పాడుతుంది. కోయిల పాట వినపడ్డంత తేలిగ్గా కనపడదు. పండ్ల మీదికి వచ్చినప్పుడే మగదాని ఎర్రకన్ను దొరుకుతుంది. చుక్కల ఒంటి ఆడకోయిల కాకిగూటి చుట్టూ తచ్చాడుతూ ఉంటుంది.

10. ఊరు దాటితే తీగల మీద కన్నేసి నడవండి. గుడివాడ నుంచి కైకలూరు వైపు చేల పక్కన పాలపిట్ట కనిపిస్తుంది. పాడే పిట్ట కాకపోయినా వదలకూడని పిట్ట. కూర్చుంటే సగం గోధుమరంగు, ఎగిరితేనే ఆ నీలం. అది నేల మీదికి దూకి పురుగును పట్టి, తరచు అదే తీగకు తిరిగి వస్తుంది కనుక ఓపిగ్గా ఉండండి. కాలవ కట్టేశాక మిగిలే మడుగుల దగ్గర లకుముకి పిట్టలు చేరతాయి. మంగినపూడిలో సరుగుడు తోపుల అంచున పసిరికలు ఆడతాయి. చేపల చెరువు గట్టెక్కేముందు రైతును అడగండి. నాగాయలంక దిగువన మడ అడవులు కృష్ణా అభయారణ్యంలోవి, అటవీ శాఖ అనుమతి లేకుండా పడవ ఎక్కవద్దు.

11. లెన్సుకు బూజు పట్టనివ్వకండి. బందరు గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉంటాయి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరా దాచండి. తోలు సంచిలో, బీరువా అడుగున పెడితే బూజు ఖాయం. బియ్యం డబ్బాలో అసలు పెట్టకూడదు, తవుడు పొడి లోపలికి దూరుతుంది. సముద్రం దగ్గర నుంచి రాగానే పైభాగాన్ని కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో, తరవాత పొడిగుడ్డతో తుడవండి. అద్దాన్ని మాత్రం ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తరవాతే తుడవాలి.

12. ఫొటోతో పాటు పేరు, తేదీ, ఊరు రాసుకోండి. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను, పొలం వాళ్లను అడగండి. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1860ల్లో అచ్చువేసిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో చాలా పిట్టలకు తెలుగు పేర్లు కూడా రాశాడు. మన అమ్మమ్మల నోట ఉన్న పేర్లు మన పిల్లల ఫొటోల కింద ఉండాలి.

13. గూటి జోలికి పోకండి. ఇది గుడ్ల కాలం. పిగిలిపిట్ట కరివేపాకు చెట్టులోనో గేటు మీది తీగలోనో గూడు పెడుతుంది. తేనెపిట్ట వరండాలో బట్టల తీగకే సాలెగూడు దారాలతో సంచి అల్లుతుంది. అప్పుడు బట్టలు ఇంకో చోట ఆరేసుకోండి. ఫొటో బాగా రావాలని అడ్డం వచ్చిన కొమ్మ నరికితే ఎండ, కాకి రెండూ గూట్లోకి వస్తాయి. ఫ్లాష్ వద్దు. ఫోన్లో కూత వినిపించి పిట్టను పిలవడం అసలే వద్దు. శత్రువు వచ్చాడనుకుని మగపిట్ట మేత మానేసి పోట్లాటకు దిగుతుంది. గుడ్లు తీయడం, గూళ్లు చెరపడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. ఈ చిన్న పిట్టలు గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరేదాకా పట్టేది నెల రోజులు, అంతే. అప్పటిదాకా కిటికీ చాటు నుంచే చూడండి. గూటి ఫొటోను నలుగురికీ పంపాలనుకుంటే పిల్లలు ఎగిరిపోయాక పంపండి. ఊరి పేరు రాయండి, చెట్టు గుర్తులు మాత్రం ఎవరికీ చెప్పకండి.