సర్కారు జీతము, కంపెనీ జీతము: లెక్క చూచు విధము

చదువు ముగించిన పిల్లలను సర్కారు కొలువునకు పంపవలెనా, కంపెనీ కొలువునకు పంపవలెనా యను చర్చ ప్రతి వేసవియందును మన యిండ్లలో లేచుచుండును. కొందరు మొదటి నెల చేతికి వచ్చు సొమ్ము మాత్రమే చూచి తీర్పు చెప్పుదురు. మరికొందరు సర్కారు కొలువు అనగనే లెక్క అడుగుటయే అపచారమని తలంతురు. మన పాఠశాల తల్లిదండ్రులు ఈ రెండింటిని విడిచి, కాగితము కలము పట్టుకొని కూర్చుండవలెనని మా కోరిక.

ముందుగా ఈ రెండు జీతములు పుట్టిన చోట్లు వేరని గ్రహింపవలెను. కంపెనీ జీతము బజారులో పుట్టును. పనివారు విరివిగా దొరకినచో తగ్గును, దొరకనిచో పెరుగును. సర్కారు జీతమును వేతన సంఘములు నిర్ణయించుచు వచ్చినవి. 1946లో నియమితమైన మొదటి సంఘము కడపటి ఉద్యోగికి మూలవేతనము 30 రూపాయలు, కరువు భత్యము 25 రూపాయలు, వెరసి 55 రూపాయలని 1947లో తేల్చెను. మునుపు ఒరిస్సా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నుండిన జగన్నాథదాసు అధ్యక్షతను 1957లో ఏర్పడిన రెండవ సంఘము దానిని 80 రూపాయలు చేసెను. ఆ 1957లోనే 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనమునకు ఒక కొలబద్ద నిర్మించెను: కుటుంబమును మూడు పెద్ద పాళ్లుగా నెంచి, పాలు ఒక్కింటికి దినమునకు 2,700 కెలోరీల ఆహారము, ఇంటిల్లిపాదికి ఏటా 72 గజముల బట్ట, ఆపై ఇంటి అద్దె, వంటచెరకు, దీపము. ఏడవ సంఘము 2016 జనవరి 1 నుండి అమలైన 18,000 రూపాయల కనీస వేతనమును ఈ కొలబద్ద ననుసరించియే కట్టెను. అనగా దిగువ మెట్టున సర్కారు అడిగిన ప్రశ్న “ఈ పనికి బజారులో ధర యెంత” అని కాదు, “ఒక సంసారము గడచుటకు ఎంత కావలెను” అని.

దీని ఫలము విచిత్రముగా నున్నది. ఏడవ సంఘము అహమ్మదాబాదు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ చేత ఉభయ రంగముల జీతములను పోల్పించెను. సర్కారులో కడపటి మెట్టు సహాయకునికి అన్నియు కలిసి నెలకు 22,579 రూపాయలు ముట్టుచుండగా, వారు పరిశీలించిన ప్రైవేటు సంస్థలలో అదే పనికి 8,000 మొదలు 9,500 రూపాయలు మాత్రమే ముట్టుచుండెను. ఇది 2015 నాటి నివేదికలోని మాట. మెట్లు ఎక్కిన కొలది ఈ తారతమ్యము తగ్గి, పైమెట్టున తలక్రిందులగును. ఏడవ సంఘము లెక్కలో కేబినెట్ కార్యదర్శి జీతము 2,50,000 రూపాయలు; కడపటి ఉద్యోగి జీతమునకు సుమారు 14 రెట్లు. స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలు తమ డైరెక్టర్ల ప్రతిఫలము నడిమి ఉద్యోగి జీతమునకు ఎన్ని రెట్లో ఏటేట ప్రకటింపవలెనని 2013 కంపెనీల చట్టము విధించినది. పెద్ద కంపెనీలలో ఆ సంఖ్య వందలలో నుండుట సామాన్యము. కావున “సర్కారు జీతము ఎక్కువా, తక్కువా” అను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. ఏ మెట్టున అని తిరిగి అడుగవలెను.

ఇక కాగితము తీయుదము. మదరాసు నగరమున కేంద్ర ప్రభుత్వపు మొదటి మెట్టు ఉద్యోగికి మూలవేతనము 18,000. 2025 జూలై నుండి ప్రకటించిన 58 శాతపు కరువు భత్యము 10,440. పెద్ద నగరములకు 30 శాతపు ఇంటి అద్దె భత్యము 5,400. వెరసి 33,840 రూపాయలు. ప్రయాణ భత్యము దీనికి వేరు. ధరలతోపాటు కరువు భత్యము ఏటికి రెండుమారులు సవరింపబడును. కంపెనీలో ధరలు పెరిగినవని జీతము పెంచవలెనను నియమము లేదు, యజమాని దయ లేక పనివాని గిరాకి యుండవలెను.

పింఛను మాట వచ్చినపుడు మనవారిలో పాత భ్రమ యొకటి యింకను తిరుగుచున్నది. 2004 జనవరి 1 తరువాత చేరిన కేంద్రోద్యోగులకు, సైనికులకు దప్ప, తాతల నాటి పింఛను లేదు. వారు మూలవేతనము, కరువు భత్యముల మొత్తములో 10 శాతము తామే చెల్లింతురు. ప్రభుత్వము 14 శాతము కలుపును. 2025 ఏప్రిల్ 1 నుండి వచ్చిన ఏకీకృత పింఛను పథకమును కోరుకొన్నవారికి, 25 సంవత్సరముల సేవ యున్నచో చివరి 12 నెలల సగటు మూలవేతనములో సగము హామీ కలదు.

కంపెనీ పక్షమున 15,000 రూపాయల జీతగానిని తీసికొందము. ప్రావిడెంటు ఫండుకు అతని జీతమునుండి 12 శాతము, అనగా 1,800 రూపాయలు పోవును. యజమాని మరియొక 1,800 చెల్లించును. అందులో 1,250 పింఛను ఖాతాకు చేరును. 15,000 పరిమితిమీద 35 ఏండ్లు ఇట్లు చెల్లించినవానికి ఆ పింఛను, సూత్రము ప్రకారము, నెలకు 7,500 రూపాయలు. ధరలు పెరిగినను అది పెరుగదు. ఈ.ఎస్.ఐ. మాత్రము మేలైన వసతి. 21,000 వరకు జీతము గలవారు 0.75 శాతము చెల్లించినచో కుటుంబమంతటికి వైద్యము లభించును. తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది ‘సీటీసీ’ యను మాట. అది జీతము కాదు, ఉద్యోగి నిమిత్తము కంపెనీకి అగు ఖర్చంతయు. యజమాని చెల్లించు ప్రావిడెంటు ఫండు వాటా, ఎప్పుడో రాబోవు గ్రాట్యుటీ కూడ అందులో కలిపి చూపుదురు. ఏడాదికి మూడు లక్షలని ఉత్తరువులో నున్నదని బంధువులకు తీపి పంచిన తండ్రి, మొదటి నెల చేతికి 25,000 రాలేదని చిన్నబోవుట వింత కాదు.

రెండు రంగముల నడుమ గీత మనము తలంచినంత సూటిగా లేదు. ఎయిడెడ్ పాఠశాలలనే చూడుడు. ఒకే ఉపాధ్యాయుల గదిలో, ఒకే తరగతికి, ఒకే విధమైన పట్టముతో బోధించు ఇరువురిలో ప్రభుత్వము మంజూరు చేసిన స్థానమున నున్నవారు సర్కారు జీతము అందుకొందురు. యాజమాన్యము నియమించినవారు దానిలో కొంత భాగము మాత్రమే అందుకొందురు. ఇది మన మైనారిటీ పాఠశాలలకు పరిచితమైన బాధయే. ప్రభుత్వ కార్యాలయములలో ఊడ్చువారు, కావలివారు అనేకులు కాంట్రాక్టరు కూలీలు. వారు పనిచేయునది సర్కారు భవనములో, జీతము మాత్రము బజారు జీతము. “గవర్నమెంటు ఆఫీసులో పని” అని ఎవరైన చెప్పినపుడు నియామకపు ఉత్తరువు ఎవరి పేర నున్నదో అడుగుట మర్యాద తప్పుట కాదు.

సర్కారు సంస్థయైనంత మాత్రాన కొలువు శాశ్వతమనుటయు సరి కాదు. దీనికి కోలారు బంగారు గనులే సాక్ష్యము. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతములనుండి పోయి అక్కడ తరతరములుగా పనిచేసిన తెలుగు కుటుంబములు అనేకము. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను తీసికొనెను, 1962లో అవి కేంద్రమునకు చేరెను. 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. ప్రభుత్వశాఖ వేరు, ప్రభుత్వ సంస్థ వేరు. శాఖకు జీతము ఖజానానుండి వచ్చును. సంస్థకు చాలవరకు దాని వ్యాపారమునుండియే రావలెను.

తుదకు అసలు చిక్కు. తారతమ్యము దిగువ మెట్టుననే మెండు గనుక జనసమ్మర్దమును అక్కడనే. 2019లో రైల్వే మొదటి మెట్టు కొలువులు 1,03,769 ప్రకటింపగా కోటి 15 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చెను. ఒక్కొక్క స్థానమునకు 110 మందికి పైమాటే. పరీక్ష 2022లో గాని జరుగలేదు. ఈ మూడేండ్లు ఇంట కూర్చుండి చదివిన పిల్లవాడు నెలకు 15,000 చొప్పున 5,40,000 రూపాయలు పోగొట్టుకొనెననుకొందము. కొలువు దొరకెనా, పైన చూచిన తారతమ్యము నెలకు 18,840 గనుక ఆ నష్టము ఇరువదితొమ్మిది నెలలలో తీరును. ఆపైన అంతయు లాభమే. దొరకనివాడు మూడేండ్ల వయస్సును, అనుభవమును కూడ పోగొట్టుకొని వచ్చి, ముందే చేరిన తోటివాని క్రింద చేరవలెను. చదువుట మాన్పించుడని మేము చెప్పము. కంపెనీ కొలువులో చేరి, ఉదయము రెండు గంటలు చదువుట మేలు. పూర్తిగా ఇంట నుంచదలచినచో ఎన్ని సంవత్సరములో ముందుగనే పిల్లవానితో కూర్చుండి గడువు పెట్టుకొనుడు. గడువు లేని సిద్ధత ఇంట అందరినోట మాట లేకుండ చేయును.

భాష విషయము కూడ ఎరిగియుండుడు. రైల్వే పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. స్టాఫ్ సెలక్షన్ కమిషను వారి మల్టీ టాస్కింగ్ పరీక్షకు 2023 నుండి తెలుగు ప్రశ్నపత్రము కూడ కలదు. తమిళనాడు సర్వీసు కమిషను పరీక్షలకు మాత్రము 2021 నాటి ఉత్తరువు ప్రకారము తమిళమున నూటికి 40 మార్కులు రావలెను. రానిచో మిగిలిన భాగమును ఎంత చక్కగ వ్రాసినను లెక్కింపరు. ఆ తమిళము పదవ తరగతి స్థాయిదే. మన పిల్లలు వీధిలో తమిళము ధారాళముగ మాటలాడుదురు, వ్రాయుటయందే వెనుకబడుదురు. ఎనిమిదవ తరగతినుండి వారమునకు ఒక పుట వ్రాయించినచో ఈ నలుబది మార్కులు కష్టము కావు.