కర్రసాము కూడు పెడుతుందా?

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో కర్ర బాగా తిప్పే పిల్లవాణ్ణి చూస్తే పెద్దలు మెచ్చుకుంటారు. ఆ వెంటనే అడుగుతారు: ‘బాగానే ఉంది గానీ నాయనా, ఇది కూడు పెడుతుందా?’ అడగడంలో తప్పు లేదు. వాన కోసం మొగులు చూసే నేల మీద ఏ పనినైనా అలాగే తూచాలి.

వరికుంటపాడు కుర్రాళ్లకూ అమ్మాయిలకూ నా జవాబు: పెడుతుంది. పోలీసు సెలక్షన్లు, కరాటే క్లాసులు మీకు తెలిసిన దారులే. ఇంకొకటి ఉంది. సాము నేర్చినవాళ్లు సామును పరిశోధించడం. పీజీ చేసి, యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుని, పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. చదువుకుంటూ అందుకునే డబ్బు అది. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో కల్చరల్ స్టడీస్ విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం ఉంది. ఆ పైన ప్రపంచమూ ఉంది. బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీలో పాల్ బౌమన్ బ్రూస్ లీ మీద పుస్తకాలు రాసి ఆచార్యుడిగా నిలబడ్డాడు. యుద్ధవిద్యల అధ్యయనానికే ఒక పరిశోధన పత్రిక 2015లో మొదలైంది.

‘ఇలాంటివాటి మీద పరిశోధనేంటి’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ పేరు చెప్పండి. థియేటర్ ముందు కటౌట్లు కట్టే అభిమాన సంఘాలను ఆయన తన పరిశోధనకు ఎంచుకున్నాడు. చిరంజీవి మీద ‘మెగాస్టార్’ అనే పుస్తకం 2009లో తెచ్చాడు. హాంకాంగ్ ఫైటింగ్ సినిమాలు మన చిన్న ఊళ్ల టాకీసుల దాకా ఎలా వచ్చాయో, ఇక్కడివాళ్లు వాటినేం చేసుకున్నారో 2003లో ఒక అంతర్జాతీయ పత్రికలో రాశాడు. ఊరు చిన్నచూపు చూసినదాన్ని ఆయన శ్రద్ధగా చూశాడు. కెరీర్ అక్కడ మొదలైంది.

మీకు కావలసింది ఒక గట్టి ప్రశ్న. దానికి దూరం పోనక్కర్లేదు, ఉదయగిరి కొండ పక్కనే ఉంది. కృష్ణదేవరాయలు ఆ దుర్గాన్ని ఒడిశా రాజులైన గజపతుల నుంచి గెలవడానికి ఏడాదిన్నర ముట్టడి వేశాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. బండలు పగలగొట్టి సైన్యానికి బాటలు వేయించాడట. ఆ గజపతి యుద్ధాల గురించే నూనిజ్ ఇంకో సంగతి చెబుతాడు. రాయలకు చిక్కిన గజపతి కొడుకు కత్తిలో మహా నేర్పరి. నీ విద్య చూపించమని రాయలు అడిగాడు. తీరా బరిలోకి దిగాక, ఎదుట నిలబెట్టిన మనిషి రాజవంశం వాడు కాదని తెలిసి, ఆ అవమానం ఓర్చుకోలేక రాకుమారుడు ప్రాణం తీసుకున్నాడు.

ఈ కథ దగ్గర కాసేపు ఆగండి. అది అక్షరాలా అలాగే జరిగిందా అనేది ఒక ప్రశ్న. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. కత్తి తిప్పడం చేతికి సంబంధించిన నేర్పు. ఎవరి మీద తిప్పొచ్చో, ఎవరితో సమానంగా బరిలో నిలవొచ్చో తేల్చింది మాత్రం పుట్టుక, హోదా. ఇప్పుడు మీ ఊరికి రండి. పీర్ల పండుగకు కర్ర ఎవరు పడతారు? ఏ వీధివాళ్లు ముందు నడుస్తారు? వస్తాదు ఎవరికి నేర్పాడు, ఎవరికి నేర్పలేదు? ఆడపిల్ల చేతికి కర్ర ఎప్పుడు వచ్చింది, ఎవరు వద్దన్నారు? కల్చరల్ స్టడీస్ అంటే భయపడతారు గానీ, దాని పని ఇలాంటివి అడగడమే.

అడగడంతో సరిపోదు, ఒళ్లు వంచాలి. అమెరికాకు చెందిన ఫిలిప్ జారిల్లీ 1976లో కేరళ వచ్చి, అక్కడి యుద్ధవిద్య కళరిపయట్టు నేర్పే కళరిలో చేరాడు. గురుక్కళ్ అనే గురువు దగ్గర నేలకు వంగి, నూనె పూసుకుని, సంవత్సరాల తరబడి సాధన చేశాడు. కళరిపయట్టు మీద ఆయన పెద్ద పుస్తకం 1998లో వచ్చింది. మధ్యలో 22 ఏళ్లు. మీకు ఒక సౌకర్యం ఉంది: ఆయన పరాయి భాషలో, పరాయి దేశంలో నేర్చుకున్నది, మీరు మీ వస్తాదు దగ్గర మీ మాటలోనే నేర్చుకోవచ్చు. ఆ వస్తాదులకు వయసు మీద పడుతోంది. ఈ సంవత్సరమే వెళ్లండి. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ప్రతి అడుగుకు, ప్రతి దెబ్బకు ఆయన చెప్పే పేరు ఆయన యాసలోనే రాసుకోండి. తేదీ వేయండి. ఆయన చెప్పొద్దన్నది ఎక్కడా రాయకండి.

ఒక్క ఉచ్చు గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ‘ప్రపంచంలో అన్ని యుద్ధవిద్యలకూ మనదే తల్లి’ అనే మాట వినడానికి తియ్యగా ఉంటుంది. ‘సెవెన్త్ సెన్స్’ సినిమా చూసినప్పటి నుంచి బోధిధర్ముడు చైనాకు కుంగ్‌ఫూ నేర్పాడని మనవాళ్లు ధీమాగా చెబుతారు. చైనా పరిశోధకుడు టాంగ్ హావో 1930లలోనే పాత గ్రంథాలు తిరగేసి దానికి ఆధారం లేదని తేల్చాడు. బోధిధర్ముడి కాలానికీ, ఆ విద్యను ఆయనకు ముడిపెట్టిన పుస్తకానికీ నడుమ వెయ్యేళ్లకు పైగా దూరం ఉంది. మీ ఊరి సాము గొప్పదని చూపించడానికి ఇలాంటి ఊతకర్రలు వద్దు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఎక్కడైనా చెల్లుతుంది.

ఇక ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడే ఆగిపోతున్నారని నాకు దిగులు. ముందు తెలుగులో రాయండి. సురవరం ప్రతాపరెడ్డి కావ్యాలు, శాసనాలు వెతికి మామూలు జనం తిండి, బట్ట, ఆటపాటలను ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’గా తెలుగులోనే రాశాడు. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. ఆయన ఆధారాలు ఎలా పోగు చేశాడో చూస్తూ చదవండి. తర్వాత రాబర్ట్ సీవెల్ 1900లో విజయనగరం మీద వేసిన ఇంగ్లీషు పుస్తకం తీయండి. నూనిజ్ రాత అందులో ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టేవాడని మరో పోర్చుగీసువాడు పేస్ రాసిన పేజీలూ అందులోనివే. రోజుకు ఒక పేజీ. అర్థం కాని మాటల కింద గీత గీసి, సాయంత్రం ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి వెళ్లండి.