వార్త తెచ్చినవారెవరు?

నమ్మదగనివాడు వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని, లేకపోతే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్య ఖుర్ఆన్ (అల్ హుజురాత్: 6) విశ్వాసులను హెచ్చరిస్తోంది.

2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండయ్యారు. మే 16న విశాఖపట్నం రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన వీడియో ఫోన్లన్నింటికీ పాకింది. ప్రతిపక్షం ఆడించిన నాటకమని కొందరు, ప్రభుత్వ కుట్ర అని మరికొందరు వాదులాడుకున్నారు.

హైకోర్టు ఈ మాటల మీద ఆధారపడలేదు. న్యాయాధికారిని పంపి ఆయన వాంగ్మూలం నమోదు చేయించింది. గాయాల విషయంలో ప్రభుత్వ నివేదికతో పొంతన కుదరకపోవడంతో మే 22న సీబీఐ విచారణకు ఆదేశించింది. విచారించుకోవడమంటే ఇదే.

హదీసువేత్తలు కూడా ప్రతి ఉల్లేఖకుని సత్యసంధతను, జ్ఞాపకశక్తిని పరీక్షించేవారు. మధ్యలో ఒక్క పేరు లోపించినా ఆ పరంపర బలహీనమనేవారు. మన ఫోనులో ‘ఫార్వర్డెడ్’ అనే గుర్తు చెప్పేదీ అదే: మొదట చెప్పినవారెవరో తెలియదని.

కనుక పంపేముందు ఆలోచిద్దాం. దీన్ని కళ్ళారా చూసినవారెవరు? అవతలి పక్షం మాట విన్నామా? మన పార్టీ అభిమానమే దీన్ని నమ్మిస్తోందా?

డాక్టర్ సుధాకర్ 2021 మేలో మరణించారు. ఆయనపై అపనింద వేసినవారు క్షమాపణ కోరుకుందామన్నా ఇక ఆయన లేరు. తేలని విషయంలో ‘మాకు తెలియదు’ అనడం ఓటమి కాదు, భయభక్తులకు చిహ్నం. అల్లాహ్ మన నాలుకలను, వేళ్ళను అసత్యం నుండి కాపాడుగాక! ఆమీన్.