గింజలో ఉన్న నూనె చాలు

ప్రశ్న: మా పిల్లలిద్దరూ బ్రెడ్డుకైనా చపాతీకైనా సీసాల్లో దొరికే చాక్లెట్ పేస్టో, మయోనైజో ఉంటేనే ముట్టుకుంటారు. శనక్కాయ గింజలతో ఇంట్లోనే చేసిపెడదామంటే మిక్సీలో పొడి అవుతోంది గాని ముద్ద కావడం లేదు. నూనె ఎంత పోయాలి? ఊరిబిండి పెడితే పాతకాలపు తిండి అంటున్నారు.
– ఒక తల్లి, కంప్లి

జవాబు: ఒక్క చుక్క కూడా పోయొద్దమ్మా. శనక్కాయ గింజ బరువులో దాదాపు సగం నూనే. ముద్ద కాకపోవడానికి కారణం, మీరు మిక్సీని ముందే ఆపేయడం. గింజల్ని మందపాటి బాణలిలో సన్నసెగ మీద, లోపలి పప్పు కూడా రంగు తిరిగేదాకా వేయించండి. పొట్టు తీస్తే నున్నగా వస్తుంది, ఉంచితే పీచు దక్కుతుంది. నేనైతే ఉంచమనే చెబుతాను. గోరువెచ్చగా ఉండగానే జార్‌లో వేసి తిప్పండి. మొదట పొడి అవుతుంది, తర్వాత జార్ గోడలకు అతుక్కుంటుంది. చాలామంది అక్కడే చేయి జారి నూనె పోస్తారు. పోయకండి. ఆపి, గరిటెతో కిందికి దించి, మళ్ళీ తిప్పండి. జార్ వేడెక్కితే కాసేపు ఆగండి. ఇలా ఓపిగ్గా చేస్తూపోతే గింజ తన నూనె తానే వదిలి జారుముద్ద అవుతుంది. చిటికెడు ఉప్పు చాలు. తీపి కావాలంటే తినేముందు కాస్త బెల్లం తురుము కలపండి. నీటి తడి తగలనివ్వకండి. రెండు పెద్ద చెంచాల ముద్దలోనే 190 కేలరీల దాకా ఉంటాయి కాబట్టి పిల్లలకైనా సీసా చేతికివ్వొద్దు. ఈ గింజలు పడని పిల్లలు కొందరుంటారు. దద్దుర్లో ఆయాసమో కనిపిస్తే మానేసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మయోనైజ్ సంగతి. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. జనం ఆస్పత్రుల పాలయ్యాకే ఆ ఆజ్ఞ వచ్చింది. ఇక చాక్లెట్ పేస్టు సీసా వెనక చదవండి. పదార్థాల్లో ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాస్తారు. చాలా సీసాల మీద మొదటి పేరు చక్కెర.

ఊరిబిండి పాతకాలపుదన్నందుకు నాకు బాధగా ఉంది. పిల్లలు వద్దంటున్నది దాని కారాన్ని. గుప్పెడు పచ్చిమిరపకాయల బదులు రెండు బ్యాడగి కాయలు వేయించి వేయండి. రంగు ఎక్కువ, మంట తక్కువ. మన బళ్ళారి పొలాల కాయ కూడా ఆ బ్యాడగి మార్కెట్టుకే వెళుతుంది. వేయించిన గింజలు ఒక కప్పు, నానబెట్టిన చింతపండు కొద్దిగా, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చివర్లో. రోలైతే మంచిది, మిక్సీ అయితే బరకగా ఉండగానే ఆపాలి. తాలింపు అక్కర్లేదు. జొన్నరొట్టెకూ సంగటికీ ఎంత బాగుంటుందో బ్రెడ్డుకూ అంతే. ఉల్లిపాయ వేసినది ఆ పూటకే చేసుకోండి.

గింజను గానుగకో మిల్లుకో అమ్మి, నూనెప్యాకెట్ కొనుక్కొచ్చి, ఆ నూనెను మళ్ళీ గింజల పచ్చడి మీద తాలింపుగా పోస్తున్నాం. శనక్కాయ, నువ్వులు, గురెళ్ళు, అవిసెలు, ఇన్ని నూనెగింజలు తినే ప్రాంతం మనది. 1953లో మన జిల్లా రెండుగా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ పోయాయి గాని రొట్టె పక్కన నూరుకునే తిండి రెండువైపులా నిలబడింది. దాన్ని పేదల తిండి అని మనమే పక్కకు నెడితే పిల్లలు ఎలా గౌరవిస్తారు? ముందు మీరు పళ్ళెంలో వేసుకుని ఇష్టంగా తినండి తల్లీ.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి హమ్మస్ చేయమంటున్నాడు. ఆ తెల్లశనగలే కావాలా?
– కౌల్ బజార్, బళ్ళారి

జవాబు: అక్కర్లేదు. నల్లశనగలు రాత్రి నానబెట్టి, వేళ్ళ మధ్య నలిగిపోయేలా ఉడికించండి. దోరగా వేయించిన నువ్వుల్ని ముందు విడిగా ముద్ద చేసుకుని, శనగలు, వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు కలిపి రుబ్బండి. గట్టిగా ఉంటే ఉడికించిన నీళ్ళే పోయండి. లెబనాన్, పాలస్తీనా వైపు పైన ఆలివ్ నూనె పోసుకుంటారు, మీరు మానేసినా రుచి చెడదు. ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకుమించి వద్దు.

ప్రశ్న: అవిసెగింజలు రోజూ ఒక చెంచా నీళ్ళతో మింగుతున్నాను. మంచిదేనా?
– సండూరు

జవాబు: నమలకుండా మింగితే గింజ గింజగానే బయటికి పోతుంది. వేయించి పొడి కొట్టి, వారానికి సరిపడా మాత్రమే చేసుకుని, రొట్టెతో తినండి.

ప్రశ్న: మా ఆయనకు బీపీ వచ్చింది. పచ్చళ్ళన్నీ మానిపించాను. అన్నం సహించక సగం పళ్ళెం వదిలేస్తున్నారు.
– రాయదుర్గం

జవాబు: మానిపించాల్సింది ఊరగాయను. అది ఉప్పుతోనే నిలవ ఉంటుంది. రోటి పచ్చడి అలా కాదు, ఉప్పు మీ చేతిలో ఉంది. పెద్దవాళ్ళకు రోజంతటికీ కూరలో, పచ్చడిలో, మజ్జిగలో, అన్నీ కలిపి 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక టీ చెంచా. ఉప్పు సగానికి తగ్గించి పులుపు, వెల్లుల్లి, జీలకర్ర కాస్త పెంచండి. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. మూత్రపిండాల జబ్బు కూడా ఉంటే డాక్టరును అడిగాకే పెట్టండి. ఆయన పచ్చడి ఆయనకివ్వండమ్మా.

ప్రశ్న: నిరుటి శనక్కాయలు కొన్ని ముక్కిపోయి చేదుగా ఉన్నాయి. ఎండబెట్టి, బాగా వేయించి పొడి కొట్టుకోవచ్చా?
– మోకా

జవాబు: వద్దు. బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. పశువులకూ వేయకండి, పాలలోకి వచ్చేస్తుంది.