వాన దేశంలో వేసవి టైర్లు: మలేసియా రోడ్లకి ఏ టైరు కొనాలి?

మలేసియాకి ఉద్యోగానికి వచ్చిన మనవాళ్ళు కారు కొనేముందు నెల రోజులు పరిశోధన చేస్తారు. పెరొడువానా, హోండానా, మైలేజీ ఎంత, మళ్ళీ అమ్మితే ఎంత వస్తుంది అని ఎక్సెల్ షీట్లు వేస్తారు. అదే కారుకి మూడేళ్ళ తరవాత టైర్లు మార్చాల్సి వస్తే మాత్రం కొట్టువాడు ఏది చూపిస్తే అది వేయించుకుని వచ్చేస్తారు. నిజానికి కారు మొత్తంలో రోడ్డుని తాకేవి ఆ నాలుగు టైర్లే. ఒక్కో టైరూ నేలని తాకే మేర ఇంచుమించు మన అరచేయంత. బ్రేకులు ఎంత మంచివైనా, ఎయిర్ బ్యాగులు ఎన్ని ఉన్నా, కారుని ఆపాల్సింది ఆ నాలుగు అరచేతులే. అందుకని ఈసారి టైర్ల సంగతి కాస్త వివరంగా చూద్దాం.

శీతాకాలం లేని చోట వేసవి టైరేమిటి?

టైర్లని వేసవివి, శీతాకాలానివి, అన్ని కాలాలవీ అని విడదీయడం చలిదేశాల అలవాటు. వేసవి టైరులో వాడే రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. అందుకని జర్మనీలో ఉన్న మన మిత్రులు ఏటా రెండుసార్లు టైర్లు మారుస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఎక్కువగా ఆల్ సీజన్ టైర్లతో సరిపెట్టుకుంటారు. కౌలాలంపూరులో తెల్లవారుజామున కూడా 23, 24 డిగ్రీలుంటుంది. కాబట్టి ఇక్కడ మనకి కావలసింది ఏడాది పొడుగునా వేసవి టైరే. ఎవరైనా "మడ్ అండ్ స్నో" గుర్తు చూపించి ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి.

అయితే ఇక్కడి వేసవి పొడి వేసవి కాదు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే కౌలాలంపూరులో సుమారు 2,500 మిల్లీమీటర్లు పడుతుంది. అదీ ముసురు పట్టి కాదు. మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సరిగ్గా సైబర్‌జయా ఆఫీసులు వదిలే వేళకి కుండపోతగా కురుస్తుంది. ఏప్రిల్, అక్టోబరు నెలల చుట్టూ ఇది మరీ ఎక్కువ. కాబట్టి మలేసియాలో టైరుకి పెట్టాల్సిన మొదటి పరీక్ష ఎండ కాదు, వాన.

ఒక టైరు, మూడు కోరికలు

రోజూ ఆఫీసుకి వెళ్ళి, పండగలకి పెనాంగో సింగపూరో వెళ్ళివచ్చే కుటుంబానికి టూరింగ్ రకం టైర్లు సరిపోతాయి. మిషెలిన్ ప్రైమసీ, బ్రిడ్జ్‌స్టోన్ టురాన్జా, కాంటినెంటల్ కంఫర్ట్‌కాంటాక్ట్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. బ్రిడ్జ్‌స్టోన్ ఎకోపియా వంటివి పెట్రోలు పొదుపుని ముందు పెట్టుకుని తయారుచేసినవి. ప్రకటన ఏదైనా మూడు మాటలు తప్పకుండా ఉంటాయి: పెట్రోలు ఆదా, తడిలో పట్టు, మెత్తటి ప్రయాణం. మూడూ ఒకేసారి పూర్తిగా దొరకవు. తక్కువ ఖర్చు, తక్కువ సమయం, మంచి నాణ్యత మూడూ కావాలనే క్లయింటుకి మనం ఏం చెబుతామో అందరికీ తెలిసిందే. టైర్ల ఇంజనీరు పరిస్థితీ అదే. ఎందుకో తెలియాలంటే రబ్బరు గురించి కొంచెం తెలుసుకోవాలి.

రబ్బరు గుణం

రబ్బరుకీ ఈ దేశానికీ, ఆమాటకొస్తే రబ్బరుకీ తెలుగువాళ్ళకీ పాత చుట్టరికం ఉంది. బ్రెజిల్ నుంచి 1876లో లండన్ క్యూ తోటకి చేరిన విత్తనాల నుంచి మొలిచిన మొక్కలు 1877లో సింగపూరు వచ్చాయి. అదే ఏడాది పేరా రాష్ట్రంలోని కౌలా కంగ్సార్‌లోనూ నాటారు. తరవాత మలయా అంతటా లేచిన తోటల్లో పాలు తీయడానికి విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి కూడా జనం ఓడలెక్కి వచ్చారు. ఇప్పటి మలేసియా తెలుగువాళ్ళలో చాలామంది ఆ తోట కూలీల వారసులే.

ఇక రబ్బరు గుణానికి వద్దాం. ఒక రబ్బరు బంతిని జారవిడిస్తే వదిలిన ఎత్తుకి తిరిగి లేవదు. తగ్గిన ఎత్తు మేరకి శక్తి వేడిగా మారిపోయింది. ఈ గుణాన్ని హిస్టెరిసిస్ అంటారు. టైరు దొర్లేటప్పుడు కింది భాగం నొక్కుకుని మళ్ళీ సాగుతుంది. మైవీ కారు టైరు గంటకి 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 12 సార్లు ఇలా నలిగి లేస్తుంది. నలిగిన ప్రతిసారీ కొంచెం శక్తిని మింగుతుంది. ఇదే రోలింగ్ రెసిస్టెన్స్. మామూలు కారు తాగే పెట్రోలులో సుమారు ఐదో వంతు దీనికే పోతుంది. పెట్రోలు మిగలాలంటే శక్తిని తక్కువ మింగే రబ్బరు కావాలి.

తడి రోడ్డు మీద పట్టు కావాలంటే సరిగ్గా దీనికి వ్యతిరేకం. రోడ్డు మీది సన్నటి గరుకు మీద రబ్బరు జారుతూ ఒదిగి, శక్తిని బాగా మింగితేనే కారు ఆగుతుంది. అంటే ఒకే రబ్బరు ఒక పనిలో పిసినారిగా, ఇంకో పనిలో ధారాళంగా ఉండాలి. అదృష్టవశాత్తూ ఈ రెండు పనుల ఫ్రీక్వెన్సీలు వేరు. దొర్లేటప్పుడు రబ్బరు కదలిక సెకనుకి పదులు, వందల లెక్కలో ఉంటే, బ్రేకు వేసినప్పుడు గరుకు మీద దాని కంపనాలు వేల నుంచి లక్షల లెక్కలో ఉంటాయి. రబ్బరులో పూర్వం కలిపే కార్బన్ బ్లాక్ బదులు సిలికాని తగిన రసాయనంతో కలిపితే, తక్కువ ఫ్రీక్వెన్సీలో నష్టం తగ్గుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పట్టు నిలుస్తుంది. మిషెలిన్ 1992లో ఇలాంటి టైర్లని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటి మంచి టూరింగ్ టైర్లన్నీ ఈ దారిలో వచ్చినవే. చౌక టైరులో లోపించేది సాధారణంగా ఈ రసాయనమే. పైకి చూస్తే మాత్రం రెండూ నల్లగానే ఉంటాయి!

లేబులు చదవడం

యూరపులో అమ్మే ప్రతి టైరుకీ ఒక లేబులుంటుంది. 2021 మే నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం పెట్రోలు ఆదాకీ, తడిలో పట్టుకీ ఏ నుంచి ఈ దాకా ఐదేసి మెట్లు. దీనితో పాటు బయటికి వినిపించే చప్పుడు డెసిబెల్స్‌లో ఉంటుంది. కారు టైర్లకి పెట్రోలు విషయంలో ఏ మెట్టంటే టన్ను బరువుకి 6.5 కిలోలు, అంతకన్నా తక్కువ నిరోధం. బీ అంటే 7.7 దాకా, సీ అంటే 9 దాకా. మీరు కొనబోయే టైరు పేరు, సైజు కొట్టి వెతికితే ఈ వివరాలు దొరుకుతాయి. ఒక జాగ్రత్త: అదే పేరుతో ఆసియాకి తయారుచేసే టైరు యూరపుదానికన్నా వేరుగా ఉండవచ్చు. టైరు పక్క గోడ మీద గుండ్రటి గీతలో ఈ అక్షరం, ఆ అంకెల చివర ఎస్, డబ్ల్యు, ఆర్ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. చప్పుడు, తడిలో పట్టు, రోలింగ్ రెసిస్టెన్స్ మూడింటిలోనూ ఐక్యరాజ్యసమితి నిబంధనల కనీస పరీక్ష దాటిందని దాని అర్థం.

లెక్క వేసి చూద్దాం

పెట్రోలు ఖర్చు ఇప్పుడు మనకి కాస్త తగిలే విషయమే. 2025 సెప్టెంబరు 30 నుంచి రాన్95 పెట్రోలు లీటరు 1.99 రింగిట్లకి మలేసియా పౌరులందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి సబ్సిడీ లేదు. ఆ రోజు మన ధర 2.60. దానికి ముందు అందరికీ ఒకటే ధర, 2.05.

నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగే కారు, వంద కిలోమీటర్లకి 6.5 లీటర్లు తాగుతుందనుకుందాం. ఏడాదికి 1,170 లీటర్లు. రోలింగ్ రెసిస్టెన్స్ పది శాతం తగ్గితే పెట్రోలు ఒకటి నుంచి రెండు శాతం ఆదా అవుతుందని అమెరికాలో 2006లో వెలువడిన ట్రాన్స్‌పోర్టేషన్ రిసర్చ్ బోర్డు నివేదిక చెబుతుంది. సీ మెట్టు చివరి నుంచి బీ మెట్టు మధ్యకి వస్తే, అంటే 9 నుంచి 7.2కి దిగితే, ఇరవై శాతం తగ్గినట్టు. ఆదా మూడు శాతం వేసుకుంటే 35 లీటర్లు. లీటరు 2.60 చొప్పున 91 రింగిట్లు. నెలకి ఏడున్నర రింగిట్లు! నలుగురు వెళ్ళి తేతారిక్ తాగితే చెల్లు.

ఇక రెండో వైపు చూడండి. తడిలో పట్టు ఒక్క మెట్టు తగ్గితే, గంటకి 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి సుమారు 3 నుంచి 6 మీటర్లు అదనంగా పడుతుంది. మైవీ కారు పొడుగు నాలుగు మీటర్లకి కొంచెం తక్కువ. అంటే ఒక మెట్టు తేడా ఇంచుమించు ఒక కారు పొడుగు. ముందున్న కారు వెనక ఆగామా, దాని డిక్కీలో ఆగామా అన్నది తేల్చే దూరమది. అందుకని మలేసియాలో టైరు ఎంచుకునే వరస ఇలా ఉండాలి: ముందు తడిలో పట్టు, తరవాత సుఖం, ఆ తరవాతే పెట్రోలు. పట్టు ఏ లేదా బీ అయిన టైర్లని ముందు ఏరుకుని, వాటిలో పెట్రోలు తక్కువ తాగేదాన్ని చూసుకోండి.

నీటి మీద తేలే కారు

నీళ్ళు నిలిచిన రోడ్డు మీద వేగంగా వెళితే టైరు కింద నీరు తప్పుకునే వ్యవధి దొరక్క, కారు పడవలా తేలుతుంది. స్టీరింగు, బ్రేకు రెండూ పనిచెయ్యవు. 1960లలో నాసాకి చెందిన వాల్టర్ హార్న్ విమాన టైర్ల మీద పరిశోధన చేసి దీనికి ఒక సూత్రం చెప్పాడు. కిలోమీటర్లలోకి మారిస్తే అది ఇలా ఉంటుంది: తేలే వేగం = 16.65 × √గాలి ఒత్తిడి. ఒత్తిడి పి.ఎస్.ఐ.లలో, వేగం గంటకి కిలోమీటర్లలో. 33 పి.ఎస్.ఐ. ఉంటే సుమారు 96 కిలోమీటర్లు, 24 ఉంటే 82 కిలోమీటర్లు. టైరు గాళ్ళు పట్టనంత లోతుగా నీరున్నప్పుడు వర్తించే లెక్క ఇది. ఉత్తర దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే మీద చాలా చోట్ల పరిమితి 110. అంటే గాలి సరిగా ఉన్నా సరే, జడివానలో ఆ వేగం పనికిరాదు.

లోతైన గాళ్ళుంటే నీరు బయటికి పోయే దారి ఉంటుంది. మలై భాషలో ఈ గాళ్ళ అచ్చుని బుంగా తాయర్, అంటే టైరు పువ్వు అంటారు. అరిగి నున్నబడితే తాయర్ బోతాక్, అంటే బోడి టైరు. కొత్త టైరుకి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. చట్టం ఒప్పుకునే కనీసం 1.6. గాళ్ళ అడుగున కనిపించే చిన్న గట్లు ఆ కొలతకే పెట్టినవి. అయితే వాన రోడ్ల కోసం 3 మిల్లీమీటర్లకి దిగగానే మార్చడం మంచిది.

సుఖం ఎక్కడుంది?

టైరు మీద 185/55 ఆర్15 82వి అని ఉందనుకోండి. మైవీ 1.5 సైజు ఇది. వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, అంటే 102 మిల్లీమీటర్లు. రిమ్ము 15 అంగుళాలు. 82 అంటే ఒక్కో టైరు మోయగల బరువు 475 కిలోలు, వి అంటే గరిష్ఠ వేగం 240 కిలోమీటర్లు. గుంతల్ని మింగి మనకి కుదుపు తెలియకుండా చేసేది ఆ 102 మిల్లీమీటర్ల గోడే. అందానికని పెద్ద రిమ్ములు వేయిస్తే గోడ పొట్టిదవుతుంది. ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది, రిమ్ము వంగే ప్రమాదమూ ఎక్కువే. సుఖం కావాలంటే కంపెనీ ఇచ్చిన సైజు మార్చకండి.

కొట్టుకి వెళ్ళినప్పుడు

1. తయారీ తేదీ చూడండి. డి.ఓ.టి. అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 1525 అంటే 2025లో 15వ వారం. ఏడాది దాటిన సరుకైతే బేరమాడండి, లేదా వేరేది అడగండి.

2. తాయర్ చెలుప్ అంటే పాత టైరుకి కొత్త పొర అతికించినది. కుటుంబంతో హైవే ఎక్కే కారుకి వద్దు.

3. రెండే మారుస్తుంటే కొత్తవి వెనక వేయించండి. ముందు చక్రాలే లాగే కారైనా సరే. వానలో వెనక టైర్లు జారితే కారు గిరగిర తిరుగుతుంది, అదుపు చెయ్యడం కష్టం.

4. నైట్రోజన్‌కి డబ్బు పెట్టనక్కరలేదు. మామూలు గాలిలో 78 శాతం అదే.

5. వీల్ అలైన్‌మెంటు చేయించండి. సుమారు పది వేల కిలోమీటర్లకోసారి టైర్లని ముందు వెనకలు మార్పించండి.

చివరిగా, ఖర్చులేని పని ఒకటి. నెలకోసారి ఉదయం పూట, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే అక్కడ అంటించిన కాగితం మీద ఉంటుంది. ఇక్కడి పంపుల్లో మీటరు తరచు కిలోపాస్కల్స్‌లో చూపిస్తుంది. 230 అంటే 33 పి.ఎస్.ఐ. అని గుర్తుంచుకుంటే చాలు. నాలుగు టైర్లలోనూ ఆరేసి పి.ఎస్.ఐ. తగ్గితే పెట్రోలు ఒక శాతానికి పైగా ఎక్కువ తాగుతుంది. అంటే ఖరీదైన టైరు తెచ్చిన ఆదాలో మూడో వంతుకి పైగా గాలి లేక పోతుంది. పెట్రోలు కన్నా ముఖ్యం, కారు నీటి మీద తేలే వేగం కూడా దానితో పాటే తగ్గుతుంది. టైరు కొనడం మూడేళ్ళకోసారి చేసే పని. గాలి చూసుకోవడం నెలకోసారి అయిదు నిమిషాల పని. వచ్చే శనివారం పాసారుకి కూరగాయలకి వెళ్ళేముందు ఆ అయిదు నిమిషాలూ కేటాయించండి.