కోర్టు వేలములో కట్టిన సొమ్ముకు వడ్డీ ఎవరిది?

1971 జనవరి 20వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి విశాఖ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిన నాటినుండి, దువ్వాడ రైల్వే జంక్షనునకు అటునిటు నున్న పల్లెభూములు క్రమక్రమముగా ఇండ్లస్థలములుగా మారుటయు, తరువాత వెలసిన ప్రత్యేక ఆర్థిక మండలితో వాని గిరాకి మరింత హెచ్చుటయు మన మెరిగినదే. స్థలము విలువ పెరిగినకొలది దానిమీది అప్పులును, అప్పులవెంట దావాలును, దావాలవెంట డిక్రీలును పెరుగుట లోకసహజము. ఆ డిక్రీలలో తీరక మిగిలినవి కోర్టు వేలముదాక వచ్చును. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులోని 21వ ఆర్డరు, పత్రికాప్రకటనలు ఇంటింటికి వచ్చు నీ కాలమునందును, జప్తు సంగతిని స్థలమువద్ద డప్పు వాయించి గాని, వాడుకలోనున్న మరొక రీతిని గాని చాటింపవలయుననియే చెప్పుచున్నది.

వేలపు చాటింపు విని పాట పాడ వచ్చువారిలో వ్యాపారస్థులతోపాటు, ఉద్యోగ విరమణానంతరము చేతికందిన సొమ్ముతో ఒక గూడు కట్టుకొనవలెనని తలచు సామాన్యులును ఉందురు. న్యాయస్థానము చేతిమీదుగా అమ్ముడగు ఆస్తికి చిక్కు లుండవని వీరి నమ్మకము. ఆ నమ్మకము సగము మాత్రమే నిజము.

ఒక స్థలము 40 లక్షలకు పాట ముగిసిన దనుకొందము. హెచ్చుపాటదారు నూటికి 25 వంతు, అనగా 10 లక్షలు, అప్పటికప్పుడే ధరావతుగా చెల్లింపవలయును; తక్కిన 30 లక్షలు పదునైదవ దినమున కోర్టు మూసివేయులోపల జమకట్టవలయును. ఈ గడువును పొడిగించు అధికారము కోర్టునకు లేదని సుప్రీంకోర్టు 1954లోనే తేల్చి చెప్పినది. గడువు తప్పినచో వేలపు ఖర్చులు పోగా ధరావతును ప్రభుత్వపరము చేయవచ్చును. ఆస్తి మరల వేలమునకు పోవును. కావున బ్యాంకు అప్పు వచ్చును, వచ్చినపిదప కట్టుదమని ఎదురుచూచుచు పాట పాడుట సాహసమే.

సొమ్మంతయు కట్టినవెంటనే స్థలము చేతికి రాదు. వేలమును రద్దు చేయుమని దరఖాస్తు పెట్టుటకు బాకీదారునకు అరువది దినముల గడువున్నది. దరఖాస్తు పడినచో విచారణయు, దానిపై అప్పీలును, ఆపై రివిజనును సంవత్సరముల తరబడి సాగవచ్చును. అంతకాలము ఆ 40 లక్షలు ఎక్కడ నుండును? ఎవరును ఏమియు కోరకున్నచో, సాధారణముగా కోర్టు డిపాజిట్టు ఖాతాలో, ట్రెజరీయందు, ఒక్క పైసయైనను వడ్డీ తేకుండ పడియుండును. పాటదారు చలానా నకలును పెట్టెలో భద్రపరచుకొని నిశ్చింతగా నుండును. ఆ నిశ్చింతయే అతనికి నష్టము.

వేలము చివరకు స్థిరపడినచో పాటదారునకు వడ్డీ అడుగు హక్కు లేదు. ఇది అన్యాయమని తోచవచ్చును గాని కాదు. కోడులోని 65వ సెక్షను ప్రకారము, వేలము ఎప్పుడు స్థిరపడినను ఆస్తిపై హక్కు మాత్రము వేలము జరిగిన నాటినుండియే పాటదారునకు సంక్రమించినట్లు లెక్క. ఆ నాటినుండి పెరిగిన విలువ యతనిది. భూమియొక్క ఫలమును, సొమ్ముయొక్క ఫలమును రెండును ఒకడే కోరరాదు గదా. అయితే స్థిరపడిన నాటినుండి ఒక సంవత్సరములోపల స్వాధీనమునకు దరఖాస్తు పెట్టుకొనుట మరువరాదు.

వేలము రద్దయినప్పుడే అసలు చిక్కు. బాకీదారు 21వ ఆర్డరులోని 89వ రూలు క్రింద డిక్రీ సొమ్మును కట్టి ఆస్తిని విడిపించుకొనినచో, పాటదారునకు కొనుగోలు సొమ్ముపై నూటికి 5 చొప్పున, మన ఉదాహరణలో 2 లక్షలు, పరిహారము లభించును. అది యెవరి దయయు కాదు, శాసనము నిర్ణయించిన మొత్తము. రెండు నెలలలో వ్యవహారము ముగిసినచో లాభమే. నాలుగేండ్లు వ్యాజ్యము నడచినను ఆ 2 లక్షలు 2 లక్షలుగానే యుండును.

ఇక వేలము నడపుటలో తీవ్రమైన అక్రమము గాని మోసము గాని జరిగి బాకీదారు నష్టపోయినాడని 90వ రూలు క్రిందను, ఆస్తిలో బాకీదారునకు అమ్మదగిన హక్కే లేదని పాటదారు స్వయముగా 91వ రూలు క్రిందను రద్దు చేయించిన సందర్భములలో, 93వ రూలు వర్తించును. కొనుగోలు సొమ్మును, కోర్టు ఉత్తరువు చేసినట్లు వడ్డీతో గాని వడ్డీ లేకుండ గాని, ఆ సొమ్ము ఎవరికి చెల్లింపబడినదో వారినుండి తిరిగి పొందవచ్చునని యా రూలు. దీనిని రెండుమారులు చదువుకొనవలయును. వడ్డీ హక్కుగా రాదు, అడిగి ఒప్పించినవానికే వచ్చును. సొమ్ము డిక్రీదారునకు ముట్టియున్నచో అతనిని అడుగవచ్చును గాని, ట్రెజరీలోనే నిద్రించినచో ఎవరిని అడుగుదుము? 40 లక్షలపై నూటికి 6 చొప్పున ఏటికి 2 లక్షల 40 వేలు. నాలుగేండ్లకు 9 లక్షల 60 వేలు. వేలపు అక్రమములో ఏ పాత్రయు లేని పాటదారు ఇంత నష్టమును మౌనముగా భరింపవలసిన దుస్థితి యిది.

ఇచ్చట శాసనము కొంత పిసినారితనము చూపినదనియే నా అభిప్రాయము. 2014లో రద్దయిన 1894 నాటి భూసేకరణ చట్టమును చూడుడు: పరిహారము చెల్లింపకయే భూమిని స్వాధీనము చేసికొన్న ప్రభుత్వము మొదటి సంవత్సరమునకు నూటికి 9, ఆపైన 15 చొప్పున వడ్డీ ఈయవలయునని 1984 సవరణ నిర్బంధించినది, కోర్టులో జమయైన పరిహారమును, సంబంధించినవారు కోరినచో, వడ్డీ వచ్చు పత్రములలో పెట్టింపవచ్చునని 33వ సెక్షను స్పష్టముగా పలికినది. వేలపు పాటదారునకు అట్టి స్పష్టవాక్య మెచ్చటను లేదు. లేకున్నను ద్వారము మూసికొనలేదు. న్యాయస్థానపు చర్యవలన ఏ కక్షిదారునకును హాని కలుగరాదను సూత్రమును ప్రీవీ కౌన్సిలు 1871లోనే ఉద్ఘాటించినది; మన న్యాయస్థానములు నేటికిని దానిని శిరసావహించుచున్నవి. దాని నాధారము చేసికొని, తన సొమ్మును జాతీయ బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టుగా నుంచుమని పాటదారు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. వేలము వివాదములో పడినదని తెలిసిననాడే ఈ పని చేయవలయును గాని, నాలుగేండ్ల పిమ్మట తీర్పు వచ్చిననాడు కాదు. అట్లే, డిక్రీదారు ఆ సొమ్మును తీసికొనుటకు పిటిషను వేసినప్పుడు, రద్దయినచో వడ్డీతో తిరిగి యిచ్చునట్లు హామీ తీసికొనుమని కోరుటయు వివేకము.

ఆస్తి పోగొట్టుకొను బాకీదారుని సంగతియు రెండు మాటలలో చెప్పవలయును. డిక్రీ తీరగా మిగిలిన సొమ్ము అతనిదే. అడుగనిచో అదియు ఊరకే పడియుండును. అసలు చిన్న బాకీకి పెద్ద ఆస్తినంతను వేలము వేయరాదని, తీరుటకు చాలినంత భాగమునే అమ్మవలయునని, పది ఎకరముల భూమిని గూర్చి ఆంధ్రదేశమునుండి వెళ్లిన అప్పీలులో సుప్రీంకోర్టు 1989లో చెప్పినది. డిక్రీ సొమ్మును కోర్టులో కట్టి డిక్రీదారునకు నోటీసు అందజేసినచో అందిన నాటినుండి వడ్డీ నిలిచిపోవును. నోటీసు లేనిచో సొమ్ము కట్టియు వడ్డీ మోయుచుండవలసినదే. స్టే కొరకు హామీగా కట్టిన సొమ్ము డిక్రీ చెల్లింపుగా లెక్కకు రాదని 1968లో సుప్రీంకోర్టు నిర్ణయించినదనియు గుర్తుంచుకొనవలయును.

బ్యాంకులు సర్ఫేసీ చట్టము క్రింద జరుపు వేలములు వేరు. వానికి పైనియమములు వర్తింపవు. ధరావతు కట్టి తక్కిన సొమ్ము గడువులో కట్టనిచో ఆ 25 వంతులును బ్యాంకు జప్తు చేసికొనుట సక్రమమేయని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రకటనలో అమ్మునది కోర్టా, బ్యాంకా యని ముందుగా చూచుకొనుడు.

దువ్వాడవారు వేలపు పాటకు పోవుటకు ముందే ఈ.పీ. (డిక్రీ అమలు పిటిషను) నంబరు తెలిసికొని, దావా దస్త్రమును ఒక న్యాయవాదిచేత పరిశీలింపజేయుడు. వేలముపై ఎవరైన దరఖాస్తు పెట్టినట్లు తెలిసిన మరునాడే డిపాజిట్టు పిటిషను దాఖలు చేయుడు; వేలము రద్దు కోరు ప్రతి దరఖాస్తునకు ఇచ్చు కౌంటరులోను, రద్దయినచో వడ్డీ ఇప్పింపుమను ప్రార్థనను తప్పక చేర్చుడు. వకీలును పెట్టుకొను స్తోమత లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఆ సంస్థ ఉచిత సహాయము చేయును. ఫోను నంబరు 15100.