చక్రానికి తాళం - కాపలా ఎవరికి?

ఇంటికి తాళం, పెట్టెకు తాళం, సైకిలుకు తాళం మనందరికీ తెలిసినవే. కారు చక్రానికీ తాళం ఉంటుందని నాకు మొన్న ఎండాకాలం దాకా తెలీదు. తెలిసిన తీరు మాత్రం చేదు.

మా బావ ఒక పాతకారు కొన్నాడు. ఒక రాత్రి మామ్మకు ఆయాసం ఎక్కువైతే అందులోనే అనకాపల్లి నుంచి విశాఖపట్నం బయలుదేరాం. లంకెలపాలెం ఇంకా రాకముందే వెనక టైరు పంక్చరయింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నాలుగు నట్లలో మూడు ఊడాయి. నాలుగోది గుండ్రంగా, మధ్యలో వంకర గాడితో ఉంది. దానికి పానా పట్టదు. దాని 'కీ' పాత యజమాని ఇవ్వలేదు, మా బావ అడగలేదు. ఆగిన లారీ డ్రైవరు తన పానాలన్నీ పెట్టి చూసి, "ఇది తాళం నట్టు బాబూ, మనవల్ల కాదు" అన్నాడు. మామ్మను ఆటోలో తీసుకుపోయాం. దేవుడి దయవల్ల గండం గడిచింది.

ఇంతకీ ఈ నట్టు ఎందుకు? అల్లాయ్ చక్రాలు ఖరీదైనవి. దొంగలు కారును ఇటుకల మీద నిలబెట్టి చక్రాలు పట్టుకుపోతారు. అందుకని చక్రానికి ఒక్కటి చొప్పున ఇలాంటి నట్టు బిగిస్తారు. దాని గాడికి సరిపడే చిన్న సాకెట్టే 'కీ'.

ఇక శాస్త్రానికి వద్దాం. చిన్న కార్ల నట్టును సుమారు 110 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగిస్తారు. 12 మి.మీ. బోల్టు మీద అది చక్రాన్ని దాదాపు నాలుగున్నర టన్నుల బలంతో నొక్కి పట్టుకుంటుంది. టార్కు అంటే బలాన్ని వ్యాసార్థంతో గుణించడమే కదా! 19 మి.మీ. మామూలు నట్టుకు మూలలు కేంద్రానికి 11 మి.మీ. దూరంలో ఉంటాయి, అక్కడ పడే బలం సుమారు ఒక టన్ను, దాన్ని ఆరు లావైన మూలలు పంచుకుంటాయి. తాళం నట్టు గాడి 8 మి.మీ. దూరంలో ఉందనుకుంటే బలం 1.4 టన్నులవుతుంది. మోసేవేమో గాడి పక్కనున్న పల్చటి అంచులు! దానిమీద టైరు షాపులో గాలి గన్ను పెట్టి బిగిస్తే చెప్పేదేముంది? కీ అయినా విరుగుతుంది, గాడి అయినా అరుగుతుంది. సముద్రగాలికి తుప్పు పడితే మరీ కష్టం.

మర్నాడు టైరు షాపు కుర్రాడు ఏం చేశాడో తెలుసా? నట్టు కన్నా కాస్త చిన్నదైన పాత సాకెట్టును సుత్తితో దానిమీద దిగగొట్టి, పొడవాటి రాడ్డు వేసి తిప్పాడు. రెండు నిమిషాలు! ఆ పని దొంగకు రాదా? పైన విడిగా తిరిగే తొడుగున్న నట్లు ఈ దెబ్బకు లొంగవు గాని, కీ పోతే వాటితో అవస్థ ఇంకా ఎక్కువ. మొత్తం మీద ఈ తాళం తొందరపాటు దొంగను ఆపుతుంది, సామాను తెచ్చుకున్న దొంగను ఆపదు, కీ లేని యజమానిని మాత్రం రాత్రంతా ఆపుతుంది.

కనుక పాతకారు కొనేవారు బండి తాళాలతోపాటు ఈ కీ కూడా అడిగి తీసుకోవాలి. దాన్ని జాకీ పక్కనే ఉంచాలి. కీ మీది నంబరు ఇంట్లో రాసిపెట్టుకోవాలి. సర్వీసుకిచ్చి తెచ్చుకున్నప్పుడు కీ తిరిగొచ్చిందో లేదో చూడాలి. తాళం నట్టును ముందు విప్పాలి, చివర బిగించాలి, అదీ చేత్తోనే.

బెల్లం దిమ్మలు వేసుకుని అనకాపల్లి మార్కెట్టుకు వచ్చిన మా తాత ఎడ్లబండికి ఇరుసు చివర ఒక ఇనప సీల ఉండేది. దారిలో చక్రం తీయాల్సి వస్తే రాయితో కొట్టి ఎవరైనా ఊడదీసేవారు. ఆ రోజులే మంచివని నేననను. అయితే నడిరోడ్డు మీద సాయానికొచ్చినవాడి చెయ్యి పనిచేయాలి కదా! తాళం వేసేవారు ఆ సంగతి కూడా ఆలోచిస్తారని ఆశిస్తూ ముగిస్తున్నాను.